ఇండియాకి వెళ్తూ దారిలో ఆల్ప్స్

ఆల్ప్స్‌కి స్కీయింగ్‌కి వెళ్తున్నామని మనవాళ్ళెవరైనా చెబితే నేను అడిగే మొదటి ప్రశ్న ఒకటే. "అక్కణ్ణించి ఎక్కడికి?" హైదరాబాద్‌కనో విజయవాడకనో జవాబొస్తే ఇక రెండో ప్రశ్న అడగను. వాళ్ళు స్కీయింగ్‌కి వెళ్ళడం లేదు. ఇండియాకి వెళ్తూ దారిలో కాళ్ళు చాపుకోవడానికి ఒక పర్వతశ్రేణిని వాడుకుంటున్నారు, అంతే. అమెరికాలో పాతికేళ్ళున్నా మనకి పెద్ద విమానం అంటే ఇండియాకి పోయేదే. మిగతా ప్రపంచమంతా ఆ దారిలో దిగి టీ తాగి ఎక్కే స్టేషన్.

మేమూ అలాగే మొదలుపెట్టాం. 2012 వేసవి చివర్లో, న్యూజెర్సీలోని ఎడిసన్‌లో మా ఇంటి వెనక డెక్ మీద మొక్కజొన్న పొత్తులు కాలుతుండగా, మా ఆయన క్లాస్‌మేట్ ఒకాయన ల్యాప్‌టాప్ తెరిచి మాకొక ఎక్సెల్ షీట్ చూపించాడు. ఆయన్ని నేను అన్నయ్యగారూ అని పిలుస్తాను. గుంటూరు మనిషి, మా ఆయనతోపాటు ఇంజనీరింగ్ చదివి, ఇక్కడ ఒక మందుల కంపెనీలో ప్రాజెక్ట్ మేనేజర్‌గా స్థిరపడ్డాడు. ఆయన దృష్టిలో లోకంలో ఊళ్ళు లేవు, కొండలు లేవు, 'కవర్ చెయ్యాల్సినవి' మాత్రమే ఉన్నాయి. నయాగరా కవర్ చేశాడు. గ్రాండ్ కాన్యన్ కవర్ చేశాడు, అదీ నలభై నిమిషాల్లో, పార్కింగ్ లాట్‌కి ఎక్కువ దూరం పోకుండా.

"ఎలాగూ డిసెంబర్‌లో అందరం ఇండియా వెళ్తున్నాం కదరా. జ్యూరిక్‌లో ఫ్లైట్ మారాలి. అక్కడ నాలుగు రోజులు ఆగామనుకో, టికెట్‌కి ఎక్స్‌ట్రా ఏమీ లేదు. ఆల్ప్స్‌లో స్కీయింగ్ కూడా కవర్ అయిపోద్ది" అన్నాడు.

"సూపర్‌రా" అన్నాడు మా ఆయన. ఆయన ఏ ప్లాన్‌కైనా సూపర్ అనే అంటాడు. ఎవరైనా చంద్రుడి మీద సత్యనారాయణవ్రతం చేద్దామన్నా సూపర్ అంటాడు, తర్వాత ఫారాలు నింపడానికి నేనున్నాను కదా.

ఆ షీట్ చూస్తే నాకు ఒళ్ళు మండింది. మొదటి రోజు జ్యూరిక్‌లో దిగడం, సిటీ టూర్. రెండో రోజు మంచుకొండ మీదికి రైలు, మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా 'స్కీయింగ్ (ఆల్)'. మూడో రోజు సరస్సు, చాక్లెట్ ఫ్యాక్టరీ, షాపింగ్. నాలుగో రోజు ప్యాకింగ్. ఆ బ్రాకెట్లో ఆల్ అన్నది మా ఆరుగురిని: ఆయనా ఆయన భార్యా కొడుకూ, మేమిద్దరం, పదమూడేళ్ళ మా అమ్మాయి. జన్మలో స్కీ ముట్టుకోని ఐదుగురు రెండు గంటల్లో బూట్లు కూడా తొడుక్కోలేరు. ఆ మాట నేను ఊరికే అనడం లేదు.

నేను పెన్సిల్వేనియాలో ఎమ్మెస్ చదివే రోజుల్లో క్యాంపస్‌లోనే పని దొరికింది. యూనివర్సిటీ రిక్రియేషన్ సెంటర్‌లో టెంట్లూ పడవలూ స్కీలూ అద్దెకిచ్చే కౌంటర్ ఒకటుండేది. రెండు చలికాలాలు అక్కడ నిలబడి వందలమంది కాళ్ళు కొలిచాను. స్కీల అంచులు ఆకురాయితో సానబెట్టాను, అడుగున ఇస్త్రీపెట్టెలాంటి దానితో మైనం పూశాను. కౌంటర్‌లో పనిచేసేవాళ్ళకి పక్కనున్న కొండ మీద బుధవారం ఉచితం. అలా నాకు స్కీయింగ్ వచ్చింది. బాగా వచ్చింది, వినయం దేనికి?

అక్కడికి ఒక ప్రొఫెసర్ భార్య తన స్కీలు సానబెట్టించుకోవడానికి వచ్చేది. ఏటా ఆల్ప్స్‌కి పోయేది. ఉదయం ఒక ఊళ్ళో తీగల మీద కొండెక్కించే లిఫ్ట్ ఎక్కి, శిఖరం దాటి, అవతల వేరే దేశంలో సూప్ తాగి, సాయంత్రానికి మళ్ళీ ఇవతలి ఊరికి జారుకుంటూ రావచ్చని చెప్పింది. పాస్‌పోర్ట్ అడిగేవాడుండడట. వీసా స్టాంపు కోసం ఫైళ్ళు చంకన పెట్టుకు తిరిగే నాలాంటిదానికి ఆ మాట ఎలా వినిపించిందో చెప్పక్కర్లేదు. ఆ రోజునుంచీ నాకు ఆల్ప్స్ కావాలి. తర్వాత ఉద్యోగం, పెళ్ళి, పాప, గ్రీన్ కార్డ్, ఇల్లు. ఒక్కో చలికాలాన్ని ఒక్కో కారణం మింగేసింది. పదహారేళ్ళు ఎదురుచూసిన నా కోరికని ఈ మనిషి మధ్యాహ్నం రెండూ నాలుగూ మధ్య ఇరికించాడు.

అందుకని ఆ ఎక్సెల్ షీట్‌ని నేను చీల్చి చెండాడాను. ఇప్పుడు కూడా ఎవరికైనా పనికొస్తుందేమోనని చెబుతున్నాను. ఆల్ప్స్‌లో నాలుగు రోజులంటే ఏమీ కాదు. మొదటి రోజు నిద్రమత్తులో పోతుంది, చివరి రోజు సామాన్లతో పోతుంది. స్కీ ఊళ్ళలో ఇళ్ళు శనివారం నుంచి శనివారం దాకానే అద్దెకిస్తారు, మధ్యలో మీకోసం తాళం తియ్యరు. క్రిస్మస్ వారం అన్నిటికంటే చెత్త వారం, లిఫ్ట్ దగ్గర దర్శనం క్యూలా ఉంటుంది. పిల్లల బడి అడ్డం రాకపోతే జనవరి రెండో వారమో మార్చి మొదటి వారమో మంచిది. బాగా ఎత్తున్న ఊరు చూసుకోవాలి, కిందున్న ఊళ్ళలో డిసెంబర్‌లో మంచుకి బదులు బురద ఉన్నా ఆశ్చర్యం లేదు. ఇంటినుంచి లిఫ్ట్‌కి నడిచి వెళ్ళేంత దూరమే ఉండాలి. ఆ బూట్లతో వంద గజాలు నడిచి చూడండి, నేనెందుకు చెబుతున్నానో తెలుస్తుంది.

కొండ మీద దెబ్బ తగిలితే కిందికి దించే ఖర్చుతో సహా ఇన్సూరెన్స్ ఉండాలి. టీచర్‌ని ముందే బుక్ చేసుకోవాలి. మేజోళ్ళు ఒక్క జతే, అవి ఉన్నివి. మూడు జతలు తొడుక్కుంటే చలి తగ్గదు, రక్తం ఆగి పాదాలు ఇంకా చల్లబడతాయి. జీన్స్ వద్దు, వద్దంటే వద్దు. మనవాళ్ళకి జీన్స్ అంటే సాహసాలకి యూనిఫామ్. తడిసిన జీన్స్ రేకుముక్కలా బిగుసుకుపోతుంది.

ఇక సామాన్లు. ఇండియా ప్రయాణం కాబట్టి మనిషికి రెండు సూట్‌కేసులు, ఆరుగురికి పన్నెండు. వాటిలో బాదం పప్పు, షాంపూలు, విటమిన్ మాత్రలు, బామ్మర్దులకి పెర్ఫ్యూములు, పిల్లలకి చాక్లెట్లు. న్యూజెర్సీలో చాక్లెట్లు కొని స్విట్జర్లాండ్ మీదుగా మోసుకెళ్ళే జాతి భూమ్మీద మనది ఒక్కటే. ఆ పన్నెండూ ఈడ్చుకుంటూ కొండరైలు ఎక్కుదామని ఆయన ప్లాన్. మా ఊళ్ళో మనవాళ్ళ దుకాణాలుండే ఓక్ ట్రీ రోడ్‌లో కొన్న రైస్ కుక్కర్ కూడా అందులో ఉంది.

అన్నయ్యగారి భార్యది కరీంనగర్. వదినగారూ అంటాను. ఆవిడ బాధ వేరు.

"మంచుల ఫొటోలకు షిఫాన్ చీరె తీస్కున్న చెల్లె. మీద కోటు ఏస్కుంటే చీరె కనవడదు కదా. ఎట్ల మరి?" అని అడిగింది.

"గంతకంటే పెద్ద సమస్యలున్నయి వదినగారూ" అన్నాను, ఆవిడ యాసలోనే. నవ్వింది. నేను నవ్వించడానికి అనలేదు.

నెలరోజుల పోట్లాట తర్వాత సంధి కుదిరింది. డిసెంబర్ మార్చలేం, టికెట్లు కొనేశారు. కానీ నాలుగు రోజులు ఏడయ్యాయి, శనివారం నుంచి శనివారం. పన్నెండు సూట్‌కేసులూ జ్యూరిక్ ఎయిర్‌పోర్ట్‌లోనే దాచిపెట్టి, తలా ఒక సంచితో కొండెక్కాలి. నేను ఎంచిన ఊరు, నేను ఎంచిన ఇల్లు, ఆ ఇంటినుంచి లిఫ్ట్ కనిపిస్తుంది. ఇవన్నీ ఒప్పించాక నేను ఇంకో షరతు పెట్టాను. బయల్దేరేలోగా అందరూ ఒక రోజు పెన్సిల్వేనియా కొండ మీద ప్రాక్టీస్ చెయ్యాలి. మొదటిసారి పడటానికి సముద్రాలు దాటక్కర్లేదు, ఇంటికి రెండు గంటల దూరంలో పడొచ్చు. ఈ షరతు పూర్తిగా నాది. ఎవరూ అడగలేదు. అన్నయ్యగారైతే, "యూట్యూబ్‌లో చూస్తే చాలు కదమ్మా" అన్నాడు కూడా.

డిసెంబర్ మొదటి శనివారం పొద్దున్నే రెండు కార్లలో వెళ్ళాం. ఆకాశంనుంచి మంచు ఇంకా పడలేదు. యంత్రాలతో చల్లిన మంచు, పొద్దుటిపూట గట్టిగా ఉంది. కొండ కిందున్న లాడ్జ్ హాల్లో అడుగు పెట్టగానే వదినగారు టిఫిన్ డబ్బాలు తీసింది. అందరూ పులిహోర తిని చేతులు కడుక్కున్నాక అద్దె కౌంటర్ దగ్గరికి తోలుకెళ్ళాను, అవును, తోలుకెళ్ళాను. అక్కడ ఫారాలు చేతికిచ్చి ఉపన్యాసం మొదలుపెట్టాను.

బూటుని స్కీకి పట్టి ఉంచే బిగింపుని బైండింగ్ అంటారు. మనిషి పడ్డప్పుడు అది బూటుని వదిలెయ్యాలి. మరీ వదులుగా ఉంటే ఊరికే ఊడిపోయి పడతారు. మరీ బిగుతుగా ఉంటే పడ్డా ఊడదు, పొడుగాటి స్కీ ఒకవైపు తిరుగుతుంది, దాంతోపాటు కాలు తిరుగుతుంది, ఎముక విరుగుతుంది. ఎంత బిగించాలో కౌంటర్‌లో వాళ్ళు ఒక చార్ట్ చూసి నిర్ణయిస్తారు. ఆ చార్ట్‌కి కావలసింది మీ బరువు, ఎత్తు, వయసు, మీరెంత దూకుడుగా వెళ్తారన్నది. కాబట్టి ఈ కాగితం మీద అబద్ధం రాస్తే అది మీ కాలికే చుట్టుకుంటుంది. రెండేళ్ళు కౌంటర్‌లో నిలబడి నేను చూసిన అబద్ధాలన్నీ చెప్పాను. ఆడవాళ్ళు బరువు తగ్గిస్తారు, మగవాళ్ళు నైపుణ్యం పెంచుతారు.

చెప్పినట్టే జరిగింది. వదినగారు బరువు నూట ముప్ఫై పౌండ్లు అని రాసింది. నేను ఫారం లాక్కుని, "ఇది పెళ్ళిచూపులప్పటి బరువా?" అన్నాను.

"అందరి ముందల గట్ల అడుగుతరా చెల్లె?" అని మొహం చిన్నబుచ్చుకుని నూట అరవై అని దిద్దింది.

ఎంత దూకుడుగా వెళ్తారన్న చోట మూడు గళ్ళుంటాయి. ఒకటి నెమ్మదివాళ్ళకి, మూడు వేగంగా దూసుకుపోయేవాళ్ళకి. అన్నయ్యగారు మూడు దగ్గర టిక్ పెట్టాడు. జీవితంలో స్కీ ఎక్కని మనిషి! "ప్రాజెక్ట్ మేనేజర్ అనుభవం ఇక్కడ లెక్కలోకి రాదు అన్నయ్యగారూ" అని కొట్టేసి ఒకటి పెట్టించాను. మా ఆయన తన ఫారంలో ఆ ఒక్క గడి మాత్రమే నింపి, రెండు దగ్గర టిక్ పెట్టి, మిగతాది నాకు తోశాడు. ఆయన రెండుని కొట్టేసి ఒకటి పెట్టాను. ఎత్తూ బరువూ వయసూ నేనే గబగబా రాశాను. మా ఇంట్లో ఏ ఫారమైనా నేనే రాస్తాను, ఆయన సంతకం పెడతాడు. అక్కడా పెట్టాడు. తెల్లగడ్డం ముసలాయన ఒకడు చార్ట్ చూసుకుని మరలు తిప్పి ఆరు జతలు మాకిచ్చాడు. ఆ కౌంటర్ దగ్గర నేను చాలా గొప్పగా ఫీలయ్యాను. ఐదుగురు దద్దమ్మల కాళ్ళు కాపాడానన్న గర్వం.

మధ్యాహ్నం దాకా అందరూ టీచర్ దగ్గర నేర్చుకున్నారు. పిల్లలిద్దరికీ గంటలో వచ్చేసింది. వదినగారు రెండుసార్లు పడి, మూడోసారి పడకుండా కిందిదాకా వచ్చి, ఏడుస్తూ నవ్వింది. అన్నయ్యగారు ఎక్కువసేపు ఫొటోలు తీశాడు. మా ఆయన మెల్లిగా, చీపురుతో ఊడుస్తున్నంత మెల్లిగా, అందరికంటే సులువైన వాలు మీద దిగుతున్నాడు. నేను ఆయన వెనకే ఉన్నాను. ఒకచోట ఆగబోయి ఆగలేక పక్కకి ఒరిగాడు. వేగం లేదు, ఎవరూ గుద్దలేదు. సోఫాలో కూలబడినట్టు పడ్డాడు. ఎడమ స్కీ గట్టి మంచులో ఇరుక్కుని అలాగే నిలబడిపోయింది, మనిషి మాత్రం దాని చుట్టూ తిరిగాడు.

నేను ముందు చూసింది ఆయన మొహం కాదు, ఆ స్కీని. అది బూటుని వదల్లేదు. తర్వాత ఆయన అరిచాడు.

కొండ మీద కాపలా తిరిగేవాళ్ళు వచ్చి మంచు మీద లాగే స్లెడ్ మీద కట్టి కిందికి దించారు. అంబులెన్స్‌లో పక్కనున్న ఊరి హాస్పిటల్‌కి తీసుకెళ్ళారు. ఎమర్జెన్సీలో నర్స్ కాలికి ఊతం కడుతూ, ఆయన తెలివిగా ఉన్నాడో లేదో చూడటానికి ఏవో అడుగుతోంది. వయసెంత అంది. మా ఆయన పళ్ళు బిగించి, "ఫిఫ్టీ" అన్నాడు.

"డాడీ, యూ ఆర్ ఫార్టీ ఎయిట్" అంది మా అమ్మాయి భయంగా. తండ్రికి మతి తప్పుతోందనుకుంది పాపం.

"అది సర్టిఫికెట్‌లోది నాన్నా" అన్నాడు ఆయన.

మన తరంలో సగంమందికి రెండు పుట్టినరోజులు. ఒకటి తల్లి కన్నది, ఒకటి హెడ్మాస్టర్ కన్నది. మా ఆయనని బళ్ళో వేసినప్పుడు అక్కడి హెడ్మాస్టర్, రేపు గవర్నమెంట్ ఉద్యోగమొస్తే రెండేళ్ళు ఎక్కువ సర్వీసు ఉంటుందని ముందుచూపుతో రెండేళ్ళు తగ్గించి రాశాడట. ఆ గవర్నమెంట్ ఉద్యోగం రాలేదు కానీ ఆ తేదీ మాత్రం పాస్‌పోర్ట్‌లోకి, వీసాలోకి, గ్రీన్ కార్డ్‌లోకి, డ్రైవింగ్ లైసెన్స్‌లోకి ఎక్కింది. చివరికి ఇంట్లో కేక్ కోసేది కూడా ఆ రోజే. అసలు వయసు ప్రకారం ఆయనకి ఆ ఆగస్టులోనే యాభై నిండాయి. ఆ హెడ్మాస్టర్ తెలివికి నేనే ఎన్నోసార్లు పడీపడీ నవ్వాను.

ఆ చార్ట్‌లో యాభై నిండినవాళ్ళకి బైండింగ్ ఒక గీత వదులుగా పెట్టాలి. ఆ సంగతి నాకు నా ఫోన్ నంబర్‌లా తెలుసు. నాలుగు వారాల ముందే ఆల్ప్స్ వీసా కోసం అవే వివరాలు అవే చేతులతో నింపాను. కౌంటర్ దగ్గర కూడా చెయ్యి దానంతటదే నలభై ఎనిమిది రాసేసింది. అంతమంది అబద్ధాలు పట్టుకుని, అందరిముందూ పరువు తీసి, నేను రాసిన అబద్ధాన్ని మాత్రం కంటితో చూసి కూడా చూడలేదు. ఆ ఒక్క గీతవల్లే కాలు విరిగిందని ఎవరూ రుజువు చెయ్యలేరు. యాభై అని రాసినా విరిగి ఉండేదేమో. కానీ స్కీ ఊడకుండా నిలబడటం నేను చూశాను.

హాస్పిటల్ కుర్చీలో కూర్చుని అప్పుడే ఆయనకి చెప్పెయ్యాల్సింది. చెప్పలేదు. మర్నాడు ఆపరేషన్, కాల్లో రాడ్ వేశారు. నొప్పితో ఉన్న మనిషికి ఇప్పుడెందుకు అనుకున్నాను. ఆ తర్వాత ఇంటికొచ్చాక ఇప్పుడెందుకు. వారం గడిచాక చెప్పడం కంటే చెప్పకపోవడం సులువైంది.

ఆల్ప్స్ పోయింది, ఇండియా ప్రయాణమూ పోయింది. అన్నయ్యగారి కుటుంబం మాత్రం వెళ్ళొచ్చింది. నేను ఎంచిన ఊళ్ళో, నేను ఎంచిన ఇంట్లో ఉండి, ఒక పూట స్కీయింగ్ చేసి, ఆరు రోజులు చాక్లెట్ షాపులూ రైళ్ళూ కవర్ చేశారు. వదినగారు నీలం షిఫాన్ చీరలో మంచు మధ్య నిలబడిన ఫొటో మాకు పంపింది. వెనకాల, కిటికీలోంచి కనిపిస్తుందని నేనే చెప్పిన లిఫ్ట్. ఆ ఫొటో చూసి ఫోన్ సోఫా మీదికి విసిరేశాను. నేనెంత ఏడ్చానో నాకే సిగ్గుగా ఉంది.

ఆ కోపమంతా ఎవరి మీద తీర్చుకోవాలి? మంచంలో కాలు చాచుకుని కదల్లేని మనిషి ఒకడు ఇంట్లో దొరికాడు. నీళ్ళు ఇస్తూ ఒక మాట, మందులు ఇస్తూ ఒక మాట. "పదహారేళ్ళు ఆగాను, మీరు గడ్డివాము మీద పడ్డట్టు పడి మొత్తం పోగొట్టారు" అన్నాను. "చిన్నపిల్లలు జారే వాలు మీద కాలు విరగ్గొట్టుకునేది మీరొక్కరే" అన్నాను. తెలిసే అన్నాను. ఆయనే కారణమని రోజూ అంటూ ఉంటే నేను కారణం కాదన్నది కొంచెం కొంచెం నిజమైనట్టుండేది.

చూడ్డానికి వచ్చినవాళ్ళ దగ్గర ఆయన చెప్పే కథ ఇంకా మంట పుట్టించేది. "మీ ఆవిడకి ఇవన్నీ బాగా తెలుసంటారుగా, చూసుకోలేదా?" అని అడిగేవాళ్ళు. "తను చెప్పిందండీ, నేనే వినలేదు. పెద్ద వాలు ఎక్కేసి ఫుల్ స్పీడ్‌లో వచ్చాను" అనేవాడు. నెలనెలకీ వాలు పెరిగింది, వేగం పెరిగింది. మగవాడి బడాయి, కాలు విరిగినా నోరు విరగదు అనుకుంటూ కాఫీ కప్పులు తీసుకుని లోపలికి పోయేదాన్ని.

ఎముక అతకడం ఆలస్యమైంది. జూన్‌లో కూడా చేతికర్రతో నడుస్తున్నాడు. వారానికి రెండుసార్లు ఫిజియోథెరపీకి నేనే డ్రైవ్ చేసేదాన్ని. ఒకరోజు అలా వెళ్తుంటే అన్నయ్యగారు ఫోన్ చేశాడు. కార్ స్పీకర్‌లో పెట్టాను.

"అమ్మా, ఈ డిసెంబర్‌కి షీట్ రెడీ చేస్తున్నా. మీరు మిస్సయ్యారు కదా, ఆల్ప్స్ ఇంకోసారి కవర్ చేద్దాం. వాడి కాలు అప్పటికి సెట్ అయిపోద్ది" అన్నాడు.

"ఈయనతో ఆల్ప్స్ ఎక్కడికండీ అన్నయ్యగారూ. కర్ర పట్టుకుని కొండెక్కిస్తానా? ఈ జన్మకి ఆయన పుణ్యాన అది అయిపోయింది" అన్నాను.

అవతల ఇబ్బందిగా నవ్వి పెట్టేశాడు. మా ఆయన కిటికీలోంచి చూస్తున్నాడు. మామూలుగా అయితే ఏదో ఒక జోకు వేస్తాడు. ఆ రోజు వెయ్యలేదు. రెండు సిగ్నళ్ళు దాటాం. అన్నేళ్ళుగా ఎవరిని చూసినా ఏదో ఒక వంక పెట్టి ఛీ అనుకున్నదాన్ని, అంత హీనమైన మాట నా నోట్లోంచి వచ్చినప్పుడు మాత్రం ఏమనాలో తెలియలేదు.

"ఒకటి చెప్పాలి. ఆ రోజు ఫారంలో మీ వయసు నలభై ఎనిమిది అని రాశాను. యాభై అని రాసుంటే బైండింగ్ ఒక గీత వదులుగా పెట్టేవాళ్ళు. స్కీ ఊడేదేమో" అన్నాను.

"తెలుసు" అన్నాడు.

కారు లేన్ దాటబోయింది. సర్దుకున్నాను.

"ఇన్సూరెన్స్ వాళ్ళు అడిగితే కొండవాళ్ళు ఆ ఫారం కాపీ పంపించారు. ఫిబ్రవరిలో నాకూ ఒకటి వచ్చింది. మంచం మీద పడుకుని నాకేం పని? చార్ట్ కూడా వెతికి చూశాను."

"మరి అందరికీ స్పీడ్‌గా వచ్చానని..."

"స్కీ ఎందుకు ఊడలేదని ఎవడో ఒకడు అడుగుతాడు కదా. నీ పేరు ఎందుకు రావాలి?"

రోడ్డు మసకబారింది. కళ్ళు తుడుచుకుని, "నాతో ఎందుకు అనలేదండీ?" అని అడిగాను.

"నువ్వు చెప్తావని చూశాను. రాయడంలో తప్పు ఎవరికైనా వస్తుంది, నేనూ చదవకుండా సంతకం పెట్టాను. దానికి నాకేమీ లేదు" అన్నాడు. "కానీ నీకు తెలుసు. తెలిసి కూడా రోజూ నన్నే అన్నావు చూడు."

ఫిజియోథెరపీ వచ్చింది. తలుపుకి దగ్గరగా కారు ఆపి, అటువైపు పరిగెత్తి తలుపు తీసి చెయ్యి అందించాను. ఆయన నా చెయ్యి వైపు చూశాడు. కర్ర కింద ఆన్చి, సీటు అంచు పట్టుకుని, తనే లేచాడు.

"నువ్వు కార్‌లోనే ఉండు" అని చెప్పి మెల్లిగా లోపలికి వెళ్ళాడు.